ట్యాంకు నిండగానే మోగే అలారం: ఆర్డుయినో నానోతో మీరే చేసుకోండి

మోటారు వేసి మర్చిపోతే నీళ్లు డాబా మీంచి వీధిలోకి పోతుంటాయి, ఎండాకాలంలో అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఆర్డుయినో (మనం రాసిన ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న బోర్డు) కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎల్ఈడీ వెలిగించడం అయ్యాక రెండో ప్రాజెక్టుగా నేను ఇదే చెప్తాను.

కావలసినవి: మూడు నాలుగు వందల్లో దొరికే నానో క్లోన్ (అసలుదానికి నకలు) బోర్డు, 5 వోల్టుల బజర్, బీసీ547 ట్రాన్సిస్టర్, ఎల్ఈడీ, దానికి 330 ఓమ్‌ల రెసిస్టర్, 1 కిలోఓమ్‌వి మూడు, 100 కిలోఓమ్‌లవి రెండు, పాత ఫోన్ చార్జర్, ట్యాంకు దాకా సరిపడే లాన్ కేబుల్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. క్లోన్ బోర్డుల్లో ఎక్కువగా సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ ఉంటుంది, కంప్యూటర్ బోర్డుని గుర్తించకపోతే దాని డ్రైవర్ వేసుకోండి. అప్పటికీ ప్రోగ్రామ్ ఎక్కకపోతే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకోండి.

నీళ్లలోకి రాగి తీగలు మాత్రం దించొద్దు. మొదటిసారి నేను అదే చేశాను, పైగా 5 వోల్టులు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాను, కొన్ని వారాలకే పాజిటివ్ తీగ ఆకుపచ్చగా మారి తినేసినట్టు సన్నబడిపోయింది, ఆ రాగంతా ఇంట్లో వాడుకునే నీళ్లలోనే కలిసిందని తెలిశాక చాలా బాధేసింది. వెల్డింగ్ సామాన్ల షాపులో స్టెయిన్‌లెస్ ఫిల్లర్ రాడ్లు దొరుకుతాయి, వాటిని మూడు పొడవుల్లో కోసి ఒకదానికొకటి తగలకుండా మూత దగ్గర ప్లాస్టిక్ ముక్కకు బిగించి వేలాడదీయండి. స్టెయిన్‌లెస్‌కి మామూలు టంకం అంటదు, స్క్రూ కనెక్టర్ వాడండి, ఆ కనెక్టర్లు మూత పైనే ఉండాలి.

అన్నిటికంటే పొడవైన రాడ్డు బోర్డు మీది డీ2 పిన్నుకి. ఓవర్‌ఫ్లో పైపు కంటే నాలుగు అంగుళాలు కిందికి అందే పొట్టి రాడ్డు ఏ0కి, నీళ్లు అడుగంటుతున్నాయని చెప్పే మధ్య రాడ్డు ఏ1కి, ఈ రెండూ 1 కిలోఓమ్ మీదుగా వెళ్లాలి. ఏ0, ఏ1 రెండింటి నుంచీ గ్రౌండ్‌కి 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, లేకపోతే నీళ్లు తగలనప్పుడు పిచ్చి రీడింగులు వస్తాయి. బజర్‌ని నేరుగా పిన్నుకి కలపకండి, డీ8 నుంచి 1 కిలోఓమ్ మీదుగా ట్రాన్సిస్టర్ బేస్‌కి ఇచ్చి దానితో మోగించండి.

ప్రోగ్రామ్‌లో అసలు కిటుకు ఒకటే. 2 సెకన్లకోసారి డీ2ని హై చేసి (అంటే 5 వోల్టులు ఇచ్చి), 2 మిల్లీసెకన్లు ఆగి, ఏ0, ఏ1 పిన్నులు రెండూ అనలాగ్‌రీడ్‌తో (వోల్టేజీని అంకెగా చెప్పే కమాండ్) చదివి, 5 మిల్లీసెకన్ల లోపే డీ2ని మళ్లీ ‘లో’ (సున్నా వోల్టులు) చేసేయండి. లెక్కేస్తే రోజు మొత్తం మీద నీళ్లలో కరెంటు పారేది నాలుగు నిమిషాల లోపే, అందుకే రాడ్లు చాలాకాలం వస్తాయి.

రీడింగ్ ఎంత దాటితే నీళ్లు తగిలినట్టు? దీనికి నా అంకె మీకు పనికిరాదు. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు బాగా పారుతుంది, వాననీళ్లలో తక్కువ. మీ నీళ్లే బకెట్లో పట్టి, రాడ్లు ముంచి, సీరియల్ మానిటర్లో (బోర్డు పంపే అంకెలు కంప్యూటర్‌లో కనిపించే విండో) అంకె చూడండి, తర్వాత పైకి తీసి తడి రాడ్లతో ఇంకోసారి చూడండి, ఆ రెండింటికీ మధ్య అంకెను హద్దుగా పెట్టుకోండి.

పైపు నుంచి పడే నీళ్లు చిందినా మోగకుండా, వరుసగా ఐదుసార్లు హద్దు దాటాకే బజర్ మోగేలా రాయండి. ఒక నిమిషం మోగి ఆగాలి, పై రాడ్డు నుంచి నీళ్లు కిందికి దిగాకే మళ్లీ మోగడానికి సిద్ధమవ్వాలి, లేకపోతే నిండిన ట్యాంకుతో రాత్రంతా మోగుతూనే ఉంటుంది. మధ్య రాడ్డుకి నీళ్లు తగలకపోతే ఎల్ఈడీ వెలిగితే చాలు.

రిలే (బోర్డు ఆన్, ఆఫ్ చేయగల స్విచ్చు) పెట్టి మోటారు కూడా ఆపేద్దాం అనిపిస్తుంది. అది 230 వోల్టుల పని, స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటుకి చిన్న నీలం రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు, అప్పుడు మీరు ఆపినా మోటారు ఆగదు. కావాలంటే ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్ (మోటార్లకు వాడే పెద్ద రిలే) పెట్టించుకోండి, మీరు మాత్రం 5 వోల్టుల వైపే ఉండండి.