వీఎంలలో ఓఎస్ బూట్ టైమ్‌లు పోల్చాలంటే

డెబియన్, ఆల్పైన్, ఫ్రీబీఎస్‌డీ, విండోస్ 11. ఈ నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లనీ (ఓఎస్‌లనీ) ఒకే ల్యాప్‌టాప్‌లో వీఎంలుగా, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ మెషీన్లుగా పెట్టి ఏది ముందు బూట్ అవుతుందో చెప్పమంటే చాలామంది ఫోన్లో స్టాప్‌వాచ్ తీస్తారు. అలా వచ్చే అంకెల్లో ఓఎస్‌తో సంబంధం లేనివే ఎక్కువ. లినక్స్‌ని (డెబియన్, ఆల్పైన్ రెండూ అవే) లోడ్ చేసే గ్రబ్ మెనూ 5 సెకన్లు ఊరికే ఆగి ఉంటుంది, ఫ్రీబీఎస్‌డీ లోడర్ 10 సెకన్లు ఆగి ఉంటుంది, రెండోసారి బూట్ డిస్క్ బదులు ర్యామ్‌లోంచి చదివి ఉంటుంది. ముందు ఈ కల్తీ తీసేయాలి. కొలత ఆ తర్వాత.

బూట్ ‘అయిపోయింది’ అని ఎక్కడ అనాలో కూడా ముందే తేల్చుకోవాలి. లాగిన్ ప్రాంప్ట్ కనబడటం ఒకటి, నెట్‌వర్క్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే సర్వీస్) జవాబివ్వడం ఒకటి, డెస్క్‌టాప్ వచ్చి క్లిక్ చేస్తే మెనూ తెరుచుకోవడం మరొకటి. విండోస్ డెస్క్‌టాప్ చూపించాక కూడా వెనకాల సర్వీసులు మొదలుపెడుతూనే ఉంటుంది. ఆల్పైన్‌కి మామూలు ఇన్‌స్టాల్‌లో డెస్క్‌టాపే ఉండదు. నాలుగింటికీ కుదిరేది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మొదటి లైను పంపే క్షణం. విండోస్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆప్షనల్ ఫీచర్‌గా దొరుకుతుంది. వేశాక దాని సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది కాబట్టి ఆటోమేటిక్‌కి మార్చండి. పక్కనే ఉన్న డిలేడ్ స్టార్ట్ పెట్టారా, విండోస్ కావాలనే ఆలస్యం చేస్తుంది. పింగ్‌తో (మెషీన్ నెట్‌వర్క్‌లో ఉందా అని అడిగే చిన్న సందేశంతో) సరిపెడదామంటే కుదరదు: విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా జవాబివ్వనివ్వదు, లినక్స్ ఏమో సర్వీసులు లేవకముందే ఇచ్చేస్తుంది.

హోస్ట్ (వీఎంలు నడిచే అసలు ల్యాప్‌టాప్) సంగతి

విశాఖలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ఈ పని పెట్టుకోకండి. ఆ వేడికి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ తన క్లాక్ తానే తగ్గించుకుంటుంది. ఒక ఓఎస్‌ని పదిసార్లు, తర్వాతదాన్ని పదిసార్లు బూట్ చేస్తూ పోతే నింద వరసలో చివరిదాని మీద పడుతుంది. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో వాడే మెషీన్ అయితే ముందు ఫ్యాన్ శుభ్రం చేయించడం మంచిది, తేమకి దుమ్ము అట్టకట్టి ఉంటుంది. ఛార్జర్ పెట్టే ఉంచండి. మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ మీదికి వెళ్తే ప్రాసెసర్ వేగం మారుతుంది, ఆ రన్ కొట్టేయండి. లినక్స్ హోస్ట్‌లో సీపీయూ గవర్నర్‌ని (ప్రాసెసర్ వేగం నిర్ణయించే సెట్టింగ్‌ని) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి.

బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో లేకపోతే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూ, కేవీఎం (ప్రాసెసర్ సాయంతో వీఎం నడపనిచ్చే లినక్స్ భాగం) లేకుండా ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. బూట్ నత్తనడక నడుస్తుంది, ఆ అంకె దేనికీ పనికిరాదు. విండోస్ హోస్ట్ మీద అలాంటిదే అయిన వర్చువల్‌బాక్స్ వాడేవాళ్లు వీఎం విండో కింద స్టేటస్ బార్ చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంటే విండోస్ సొంత వర్చువలైజేషన్ హైపర్-వీ ముందే హార్డ్‌వేర్‌ని పట్టుకుని ఉందని, వర్చువల్‌బాక్స్ దాని మీద నుంచి నడుస్తోందని అర్థం. విండోస్ భద్రతా సెట్టింగ్ మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఇదే పరిస్థితి.

నాలుగు వీఎంలూ ఒకే కొలతలో

విండోస్ 11కి యూఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్), టీపీఎం 2.0 (భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కనీస అవసరాలు. కాబట్టి మిగతావాటినీ అక్కడికే తేవాలి: అన్నిటికీ యూఈఎఫ్‌ఐ, 2 వర్చువల్ సీపీయూలు, 4 జీబీ ర్యామ్. హోస్ట్‌లో 8 జీబీయే ఉంటే బ్రౌజర్ మూసేయండి, ఒకసారికి ఒక వీఎంనే నడపండి. హోస్ట్ స్వాప్‌లోకి వెళ్లిందంటే (ర్యామ్ చాలక డిస్క్ వాడుకుంటే) ఆ రన్ పోయినట్టే. డిస్కులన్నీ ఫిక్స్‌డ్ సైజులో, ఒకే ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి. డిస్క్ కంట్రోలర్ అన్నిటికీ సాటానో, అన్నిటికీ వర్టియోనో (వీఎంల కోసమే చేసిన రకం) పెట్టండి. స్నాప్‌షాట్లు (వీఎం పాత స్థితిని దాచిన కాపీలు) ఉంటే కలిపేయండి, అవి పెరిగేకొద్దీ ప్రతి రీడ్ మరో ఫైల్ వెతుక్కోవాలి.

తర్వాత గెస్ట్ (వీఎంలో నడిచే ఓఎస్) లోపల ఉత్తుత్తి ఆగడాలు తీసేయాలి. గ్రబ్ టైమవుట్ సున్నా చేసి కాన్ఫిగ్ మళ్లీ తయారు చేయండి. ఫ్రీబీఎస్‌డీ లోడర్ కాన్ఫిగ్‌లో ఆటోబూట్ డిలే తగ్గించండి. నెట్‌వర్క్ ఆన్‌లైన్ అయ్యేదాకా ఆగే సర్వీస్ లినక్స్‌లో పాత నేరస్తుడు. వీఎంకి రెండో నెట్‌వర్క్ కార్డు ఇచ్చి దానికి అడ్రస్ రాకపోతే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వెయిట్-ఆన్‌లైన్ 2 నిమిషాలు నిలబెట్టేస్తుంది. అడ్రస్‌లన్నీ స్టాటిక్‌గా పెడితే డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌ని అడిగి అడ్రస్ తెచ్చుకోవడం) గొడవే ఉండదు. పాత ఫ్రీబీఎస్‌డీల్లో హోస్ట్‌నేమ్‌లో చుక్క లేకపోతే మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ఒక నిమిషం అలా కూర్చుంటుంది. డెబియన్ 10 లాంటి పాత 4.19 కెర్నల్ (ఓఎస్ మూల భాగం) గెస్ట్‌లకు వర్టియో ఆర్‌ఎన్‌జీ పరికరం ఇవ్వండి, లేకపోతే ర్యాండమ్ సంఖ్యల కోసం ఎస్‌ఎస్‌హెచ్ ఎదురుచూస్తుంది. 5.4 కెర్నల్ నుంచి ఈ బాధ లేదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే ఆపేయండి. విండోస్ 8తో వచ్చిన ఈ పద్ధతిలో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు, కెర్నల్ సెషన్‌ని డిస్క్‌లో దాచి మళ్లీ తీయడం. దాన్ని డెబియన్ పూర్తి బూట్‌తో పోల్చడం అన్యాయం. అప్‌డేట్లు పూర్తయ్యాక ఒక్కో వీఎంని రెండు మూడుసార్లు లెక్కలో లేకుండా బూట్ చేయండి. కొత్త ఇన్‌స్టాల్ మొదటి బూట్‌లో కీలు తయారుచేయడం, ఇండెక్సింగ్ లాంటి పనులు ఉంటాయి.

కొలిచే గడియారం

గడియారం హోస్ట్‌లోనే ఉండాలి. గెస్ట్ గడియారం కెర్నల్ లేచాకే నడుస్తుంది, అంతకు ముందు ఫర్మ్‌వేర్ తిన్న సెకన్లు దానికి తెలియవు. చిన్న స్క్రిప్ట్ చాలు, బాష్ అయినా పైథాన్ అయినా:

1. మోనోటానిక్ (వెనక్కి జరగని) గడియారంలో సమయం రాసుకుని, వెంటనే వీఎంని హెడ్‌లెస్‌గా (విండో లేకుండా) స్టార్ట్ చేయాలి.
2. ప్రతి 100 మిల్లీసెకన్లకు ఎస్‌ఎస్‌హెచ్ పోర్టుకి కనెక్ట్ అయి మొదటి లైను చదవాలి.
3. ఆ లైను ‘ఎస్‌ఎస్‌హెచ్-2.0’తో మొదలైతే సమయం ఆపాలి.
4. ఏసీపీఐ పవర్ బటన్ సంకేతంతో షట్‌డౌన్ చేసి, వీఎం నిజంగా ఆగిందని తేలేదాకా ఆగాలి.
5. 30 సెకన్ల విరామం ఇచ్చి తర్వాతి ఓఎస్‌కి వెళ్లాలి.

రెండో అడుగులో కనెక్ట్ అయితే చాలనుకునేవాళ్లే ఎక్కువమంది. నాట్ పోర్ట్ ఫార్వర్డింగ్‌లో (హోస్ట్ పోర్టుకి వచ్చిన కనెక్షన్‌ని వీఎంకి పంపే పద్ధతిలో) హోస్ట్ పోర్టుని వింటున్నది వర్చువల్‌బాక్సో, క్యూఈఎంయూనో. గెస్ట్ ఇంకా ఫర్మ్‌వేర్‌లో ఉండగానే కనెక్షన్ కుదిరిపోతుంది, స్క్రిప్ట్ అర సెకనులో బూట్ అయిందని మురిసిపోతుంది. లైను చదవమన్నది అందుకే. చదవడానికీ 1 సెకను టైమవుట్ పెట్టండి, లేకపోతే ఆ ఉత్తి కనెక్షన్ మీదే స్క్రిప్ట్ ఇరుక్కుంటుంది.

కోల్డ్ (డిస్క్‌లోంచి చదివే), వార్మ్ (ర్యామ్‌లోంచి చదివే) బూట్‌లు వేరువేరుగా కొలవండి. ఒకసారి చదివిన డిస్క్ ఇమేజ్‌ని (వీఎం డిస్క్‌గా వాడే ఫైల్‌ని) హోస్ట్ ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో ఉంచుకుంటుంది. చిన్న ఆల్పైన్ ఇమేజ్ మొత్తం అందులో పట్టేస్తుంది, విండోస్ పట్టదు. కోల్డ్ కావాలంటే లినక్స్ హోస్ట్‌లో ప్రతి రన్‌కి ముందు సింక్ చేసి, రూట్‌గా డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 రాయాలి. క్యూఈఎంయూలో డిస్క్ క్యాష్‌ని ‘నన్’ చేస్తే హోస్ట్ క్యాష్ అడ్డే రాదు. వర్చువల్‌బాక్స్‌లో కంట్రోలర్ సెట్టింగుల్లో హోస్ట్ ఐ/ఓ క్యాష్ టిక్ తీసేయాలి. అది సాటాకి తీసే ఉంటుంది, ఐడీఈకి పెట్టి ఉంటుంది.

ఒక్కో ఓఎస్‌కి 10 రన్‌లు, ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ: డెబియన్, ఆల్పైన్, ఫ్రీబీఎస్‌డీ, విండోస్, మళ్లీ డెబియన్. వేడి పెరిగినా అందరికీ సమానంగా తగులుతుంది. సగటు కన్నా మధ్యగతం రాయండి, పక్కన కనిష్ఠం, గరిష్ఠం కూడా. ఒక్క రన్‌లో విండోస్ ఏదో స్కాన్ పెట్టుకుంటే సగటు ఎగిరిపోతుంది. రెండు ఓఎస్‌ల అంకెల పరిధులు చాలావరకు కలిసిపోతే ఫలానాది గెలిచిందని రాయకండి.

సమయం ఎక్కడ పోయిందో తెలియాలంటే అప్పుడు గెస్ట్ లోపలికి వెళ్లాలి. డెబియన్‌లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ ఆదేశం కెర్నల్, యూజర్‌స్పేస్ (కెర్నల్ తర్వాత లేచే సర్వీసుల) భాగాలు విడదీసి చూపిస్తుంది. దాని బ్లేమ్ జాబితాలో పైన ఉన్నదే దోషి అనుకోవద్దు, సర్వీసులు పక్కపక్కనే నడుస్తాయి కదా. క్రిటికల్-చైన్ చూస్తే ఎవరి కోసం ఎవరు ఆగారో తెలుస్తుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నొస్టిక్స్-పెర్ఫార్మెన్స్ లాగ్ తెరిచి ఈవెంట్ 100 వెతకండి. అందులో మెయిన్ పాత్ బూట్ టైమ్, పోస్ట్ బూట్ టైమ్ మిల్లీసెకన్లలో విడివిడిగా ఉంటాయి. డెస్క్‌టాప్ వచ్చాక సిస్టమ్ కుదుటపడేదాకా పట్టిన కాలం కూడా పోస్ట్ బూట్‌లో కలుస్తుంది కాబట్టి, ఆ మొత్తాన్ని సిస్టమ్‌డీ అంకె పక్కన పెట్టకూడదు.