పాత్రలోకి నడక – 3వ పాఠం: ఆ సాయంత్రం గిరీశానికి ఏం కావాలి?

పోయిన పాఠం చివర 'కన్యాశుల్కం' మొత్తం ఒకసారి, చేతిలో పెన్సిల్ లేకుండా చదవమన్నాను. అది పూర్తి కాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. మనం వాడుతున్నది గురజాడ తిరగరాసి 1909లో అచ్చువేసిన నాటకం. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసినది వేరు. మీ దగ్గర ఉన్నది ఏదో ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. 1955లో వచ్చిన సినిమాను ఇప్పుడే చూడకండి. అందులో మనం సాధన చేస్తున్న గిరీశం పాత్రను ఎన్టీఆర్ చేయగా చూశారంటే ఆ నడక, ఆ విరుపు మీ ఒంట్లోకి వచ్చి కూర్చుంటాయి. మీ నోట్సు పూర్తయ్యాక చూడండి. అప్పుడైతే ఆయన ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నారో కనిపిస్తుంది, చాలా నేర్చుకోవచ్చు.

ఈసారి మొట్టమొదటి రంగం. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటాడు, ఆ తర్వాత అతని దగ్గర చదువుకునే కుర్రాడు వెంకటేశం వస్తాడు.

మూడు గడుల పేజీ

నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో నాటకం ఖాయంగా చెప్పినవే రాయాలి. విజయనగరం. సాయంత్రం. క్రిస్మస్ సెలవుల రోజులు. సామాను కొనిపెడతానని, డబ్బుకు భోజనం పెట్టే పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలు వేశ్య మధురవాణి మీద ఖర్చయిపోయాయి. పొద్దున పూటకూళ్ళమ్మతో పెద్ద గొడవ అయింది. ఊళ్ళో పరపతి పలచబడింది. ఫొటోగ్రాఫు తీయించుకున్న డబ్బు బాకీ ఉంది. మధురవాణిని వదిలి వెళ్ళడానికి మనసొప్పడం లేదు. వెంకటేశం వాళ్ళది కృష్ణరాయపురం అగ్రహారం.

రెండో గడిలో పాత్రలు అన్న మాటలు. గిరీశం తన గురించి తాను చెప్పుకునేవన్నీ ఇక్కడే చేరాలి, మొదటి గడిలోకి ఒక్కటి కూడా జారకూడదు. తనతో మాట్లాడటమే ఒక చదువు అంటాడతను. మీ వల్ల నాకు చుట్ట కాల్చడం తప్ప ఏమీ రాలేదంటాడు వెంకటేశం. రెండూ పక్కపక్కనే రాసుకోండి. ప్రేక్షకుడు వెంకటేశాన్నే నమ్ముతాడు. కానీ గిరీశం వేషం వేసే నటుడు మాత్రం గిరీశాన్ని నమ్మాలి. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. 'మోసగాడు' అని ఒక ముద్ర వేసేసి, మోసగాడు ఎలా నవ్వుతాడు, కళ్ళు ఎలా తిప్పుతాడు అని అద్దం ముందు సాధన మొదలుపెడతారు. కళ్ళు అలా తిప్పేవాడికి ఇరవై రూపాయలు ఎవరిస్తారు? గిరీశాన్ని నమ్మి పూటకూళ్ళమ్మ డబ్బు ఇచ్చింది. ఆమె ఎందుకు నమ్మిందో మీ నటనలో కనిపించాలి.

మూడో గడి మీ ఊహకు. గిరీశం భోజనం పూటకూళ్ళమ్మ ఇంట్లోనే అనుకుందాం. పొద్దున్నే గొడవైతే మధ్యాహ్నం ఏం తిన్నాడు? రాత్రి ఎక్కడ పడుకుంటాడు? నాటకం చెప్పదు, మీరే నిర్ణయించుకోవాలి. ఆకలితో ఉన్నాడని నిర్ణయించుకుంటే, వెంకటేశాన్ని చూసిన సంతోషంలో అగ్రహారంలో దొరికే వేడి అన్నం కూడా కలుస్తుంది. ఊహ పనికొస్తుందో లేదో తేల్చడానికి ఒకటే పరీక్ష: అది మొదటి గడిలో దేనితోనూ గొడవ పడకూడదు, రంగంలో మీ చేత ఏదో ఒక పని చేయించాలి. పుట్టుమచ్చ ఎక్కడుంది, చిన్నప్పుడు ఏ ఆట ఆడాడు లాంటివి పేజీలు నింపుతాయి తప్ప వేదిక మీద అక్కరకు రావు.

కోరికను ఎదుటివాడి మీద పెట్టడం

నెమిరోవిచ్-దాంచెంకోతో కలిసి 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ ప్రారంభించిన రష్యా నటుడు, దర్శకుడు స్తనిస్లావ్‌స్కీ నటుణ్ణి వేసుకోమన్న ప్రశ్న ఇది: ఈ పరిస్థితుల్లో నేనే ఉంటే ఏం చేస్తాను? 'ఎలా ఫీలవుతాను' అని కాదు, 'ఏం చేస్తాను' అని. చివరి సంవత్సరాల్లో ఆయన ఈ 'చేయడం' మీద మరింత పట్టు పట్టాడు. చేసే పని నిజంగా చేస్తే భావం దాని వెంట వస్తుందన్నది ఆయన నమ్మకం.

గిరీశానికి ఏం కావాలి? 'ఊరు వదిలి పారిపోవాలి.' నిజమే, కానీ వెంకటేశం ఎదురుగా నిలబడి దాన్ని నటించలేరు. కోరిక ఎదుటివాడి దగ్గర దొరికేదై ఉండాలి, దొరికిందో లేదో అతని ముఖంలో తెలిసిపోవాలి. కాబట్టి ఇలా రాయండి: 'నన్ను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళడం తన అవసరమే అని వెంకటేశానికి అనిపించాలి.' కుర్రాడు పరీక్ష తప్పి తండ్రికి భయపడుతున్నాడు, పైగా గురువు మీద కోపంగా ఉన్నాడు. కోపం మీకు అడ్డు, భయం మీకు దారి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. గిరీశం ఎత్తుగడ మార్చిన ప్రతిచోటా అడ్డగీత గీసి, పక్కన ఒక్క క్రియ రాయండి: గద్దించడం, బుకాయించడం, బుజ్జగించడం, ఆశపెట్టడం, పొగడటం. 'కోపంగా', 'తెలివిగా', 'వెటకారంగా' లాంటి మాటలు మార్జిన్లో కనిపిస్తే కొట్టేయండి. వెంకటేశం చుట్ట సంగతి ఎత్తగానే గిరీశం గద్దిస్తాడు, కాసేపట్లోనే దారికి తెస్తాడు. ఆ మలుపు ఏ మాట మీద పడిందో మీరే పట్టుకోవాలి. ఇంగ్లీషు ముక్కల కింద కూడా గీత గీయండి. ప్రతి ముక్కా ఎవరి మీద, ఏ పని కోసం విసిరాడో రాయండి. అలంకారంగా పలికితే అది ఒట్టి యాస, పనిముట్టుగా పలికితే గిరీశం.

ఒంట్లోకి

లోపల తొందర, బయట తీరిక: ఈ రంగంలో గిరీశం శరీరమంతా ఇదే. ఫొటోగ్రాఫు బాకీ కోసం బంట్రోతు వస్తాడు, పూటకూళ్ళమ్మ ఎటునుంచైనా రావచ్చు. అయినా శిష్యుడి ముందు గురువు పరుగెత్తలేడు. గదిలో నెమ్మదిగా నడుస్తూ మనసులో వేగంగా అంకెలు లెక్కపెట్టండి. లెక్క తప్పకుండా నడవడం అలవాటయ్యాక డైలాగు కలపండి. ఆ తర్వాత లెక్క మానేసి, 'ఎవరైనా వస్తున్నారా' అని చెవి ఒకవైపు పెట్టి అదే డైలాగు చెప్పండి. మెడ, భుజాలు వాటంతట అవే మారతాయి. ఆ మార్పు గుర్తుపెట్టుకోండి, నడక అక్కడినుంచి పుడుతుంది.

మన నాటక సమాజాల్లో మొదటి రిహార్సల్‌కే విగ్గు, కోటు అడుగుతారు. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో ఆహార్యం, అంటే వేషధారణ, ఒకటి, దాన్ని నేను చిన్నచూపు చూడను. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామగా, మధురవాణిగా జనాన్ని నమ్మించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే ఆయన కట్టిన చీర ఎవరైనా కొనుక్కోగలరు. ఈ వరుసలో ఆహార్యానికి ఏడో పాఠం దాకా ఆగుదాం.

వచ్చే పాఠానికి రెండో రంగం, మధురవాణి ఇల్లు. గిరీశం మంచం కిందికి దూరేదాకా చాలు. మూడు గడుల పేజీ కొత్తగా గీయండి. మొదటి రంగంలో రాసిన క్రియల్లో మధురవాణి మీద పనిచేయనివి ఏవో గుర్తించండి. ఆమె వేషం వేసేవాళ్ళు ఆమె వైపునుంచి అదే పేజీ నింపండి: ఆమె కోసం వచ్చిన రామప్పంతులు గదిలో ఉన్నప్పుడు ఆమెకు ఎవరి దగ్గర ఏం కావాలి?