డేటాబేస్‌లో తెలుగు ఉంది, స్క్రీన్ మీద ప్రశ్నార్థకాలు: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టుకి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చా. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, ధర సరిగ్గానే వస్తున్నాయి, రైతు పేరు చోట మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే. "ఏరా, అందరిదీ ఒకటే పేరా?" అన్నాడు బాబాయి. ఫాంట్, మెటా ట్యాగ్, చివరికి టేబుల్ కొలేషన్ (అక్షరాల్ని పోల్చే, వరుసపెట్టే పద్ధతి) కూడా మార్చా, లాభం లేదు.

ముందు డేటా బతికుందో లేదో చూడండి. పేర్లు పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్‌లోనే డేటాబేస్ చూసుకునే టూల్) నుంచి ఎక్కించినవి కాబట్టి అక్కడే, సెలెక్ట్‌లో పేరు కాలమ్‌కి హెక్స్ ఫంక్షన్ (లోపల దాచిన బైట్లని చూపించేది) తగిలించి నడిపా. ఈ0 బీ0, ఈ0 బీ1 అని వచ్చాయి, తెలుగు అక్షరాల బైట్లు ఇలాగే మొదలవుతాయి, అంటే తెలుగు భద్రంగానే ఉంది (అన్నీ 3ఎఫ్, అంటే ప్రశ్నార్థకం కోడే, వస్తే మాత్రం ఎక్కించేటప్పుడే పోయినట్టు, మళ్లీ టైప్ చేసుకోవడమే, పాపం). నా ప్రోగ్రామ్ కనెక్షనేమో లాటిన్1 అనే పాత ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలకి కోడ్‌లిచ్చే పద్ధతి) ఉంది, అందులో తెలుగు అక్షరాలే లేవు కాబట్టి సర్వర్ ఒక్కోదానికి బదులు ప్రశ్నార్థకం పంపేస్తోంది. కనెక్ట్ అయిన వెంటనే, మొదటి క్వెరీకి ముందే, మైఎస్‌క్యూఎల్ఐ సెట్ చార్‌సెట్ ఫంక్షన్‌కి యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగు కూడా పట్టే ఎన్‌కోడింగ్) ఇచ్చా. ఆ ఒక్క లైనే!

నాది పాత మైఎస్‌క్యూఎల్ 5.7 సర్వర్. 8.0 నుంచి డిఫాల్టే యూటీఎఫ్8ఎంబీ4, అక్కడ కారణం వేరే కావచ్చు. ప్రశ్నార్థకాలు కాకుండా పిచ్చి గుర్తులు వస్తుంటే ఇది పనిచేయకపోవచ్చు, అది వేరే రోగం.