తుఫాను షెల్టర్లో చార్జింగ్ బోర్డు మొరాయిస్తే

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు షెల్టర్లోనో సచివాలయంలోనో బ్యాటరీ మీద నడిచే చార్జింగ్ బోర్డే ఊరందరికీ దిక్కు.

ఫోన్ పెట్టినా చార్జ్ ఎక్కట్లేదు

ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు గొడవ అక్కడితో తీరిపోతుంది. తీరలేదంటే సాకెట్లోకి టార్చి వేసి చూడండి. సముద్రపు గాలికి లోపలి పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుం పడుతుంది. బోర్డు స్విచ్ కట్టేసి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఫోన్ తడిసిందా, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలికి ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఆ పొడి పోర్టులోకి పోతే ఇంకో తలనొప్పి.

ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతోంది

ఎవరో ఫ్యానో, ఇస్త్రీ పెట్టెనో తగిలించి ఉంటారు, తీసేయండి. అది కాకపోతే బ్యాటరీ అయిపోవచ్చినట్టే. లెక్క చూడండి: 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1200 వాట్ అవర్లు ఉంటాయి కానీ, సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. ఒక్కో ఫోన్ నిండడానికి నష్టాలతో కలిపి 25 వాట్ అవర్లు వేసుకుంటే 20 పైచిలుకు ఫోన్లతో సరి! అందుకే ఎవరినీ 100 శాతం దాకా ఉంచకండి, సగం ఎక్కగానే తీయించండి. పై సగం ఎలాగూ నెమ్మదిగా ఎక్కుతుంది. మొహమాటపడితే వెనక ఉన్నవాళ్లకి మిగలదు. వరస ఎలా ఉన్నా డయాలసిస్‌కి వెళ్లాల్సిన వాళ్లు, నెలలు నిండిన వాళ్లు ఉన్న ఇళ్ల ఫోన్లే ముందు, 108కి చేయాల్సి వచ్చేది వాళ్లకే కదా. సోలార్ ప్యానెల్ ఉంటే వాన తగ్గాక పైన పడ్డ కొబ్బరాకు తీసి తుడవండి. వైర్లు తెగి ఉంటే మాత్రం మీరు ముట్టుకోకుండా లైన్‌మన్‌కి చెప్పండి.

చార్జ్ ఉంది, ఫోన్ కలవట్లేదు

టవర్ బ్యాకప్ అయిపోయి ఉండొచ్చు, లేదా చెట్టు పడి కేబుల్ తెగి ఉండొచ్చు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 112 కొట్టి చూడండి, దగ్గర్లో వేరే కంపెనీ టవర్ బతికుంటే దాని మీద కలిసే అవకాశం ఉంది. మిగతా టైంలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీయండి, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూనే బ్యాటరీ హరించుకుపోతుంది. కాల్ నిలవకపోతే ఇంట్లోవాళ్లకి మెసేజ్ పెట్టండి, సిగ్నల్ కాస్త వచ్చి పోయినా వెళ్లిపోతుంది.

బోర్డు మీది ఎమర్జెన్సీ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

కొన్ని బోర్డుల్లో సిమ్ ఉంటుంది, దానికి రీచార్జ్ అయిపోయిందేమో చూడండి. ఈ పని వాయుగుండం అన్న మాట వినగానే చేసుకోవాలి. అధికారులకి ముందే చెప్పి, ఓసారి నొక్కించి, అవతల ఎవరు ఎత్తుతున్నారో కనుక్కోండి.