నైజీరియాకు మందులు పంపాలనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

జీడిమెట్ల, నాచారం వైపు చిన్న ఫార్ములేషన్ (మాత్రలు, సిరప్‌లు తయారు చేసే) యూనిట్ల ఓనర్లు ఫోన్ చేసి "లాగోస్ పార్టీ ఒకటి తగిలింది, పారాసిటమాల్ కంటైనర్ కావాలంటున్నాడు, పేపర్లు మీరు చూస్తారా అన్నా?" అంటుంటారు. ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషనే నా పని కాబట్టి నాకు ఆనందమే. కానీ పారాసిటమాల్ టాబ్లెట్లు, సిరప్‌లు నైజీరియా దిగుమతి నిషేధ జాబితాలో ఉన్నాయి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, క్లోరోక్విన్ టాబ్లెట్లు, సిరప్‌లూ అంతే. మల్టీవిటమిన్ మాత్రలు, సెలైన్ బాటిళ్లు కూడా వెళ్లవు. ఇవన్నీ అక్కడి ఫ్యాక్టరీలే తయారు చేస్తాయి కాబట్టి వాటిని కాపాడుకోవడానికి పెట్టిన నిషేధం అది. ఆ జాబితా నైజీరియా కస్టమ్స్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. రేటు మాట్లాడకముందే ఒకసారి చూడండి.

జాబితాలో లేని మందులకు మాత్రం అవకాశం పెద్దదే. 20 కోట్లు దాటిన జనాభా. బీపీ, షుగర్ మందులు, యాంటీబయాటిక్స్, ఇంజెక్షన్లు చాలావరకు బయటి నుంచే రావాలి. 2023లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ అక్కడి కంపెనీని మూసేస్తున్నట్టు ప్రకటించింది, సనోఫీ కూడా సొంత ఆపరేషన్ ఆపేసి పంపిణీని వేరేవాళ్లకు అప్పగించింది. ఆ ఖాళీలో మన జెనరిక్స్‌కు, అంటే పేటెంట్ తీరిన మందులకు, చోటుంది. అయితే అంత పెద్ద కంపెనీలకే అక్కడ డాలర్లు దొరకక చుక్కలు కనిపించాయి, మీకూ నాకూ వేరే దారి ఉంటుందనుకోకండి. ఆ సంగతి కింద చెప్తాను.

రిజిస్ట్రేషన్ ఎవరి చేతిలో ఉంటుంది?

ప్రతి మందునూ నాఫ్‌డాక్ దగ్గర రిజిస్టర్ చేయాలి. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అది. దరఖాస్తు పెట్టేది మీరు కాదు, నైజీరియాలో ఉన్న మీ ఏజెంట్. మీరు ఇవ్వాల్సింది నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ, మన డ్రగ్స్ కంట్రోల్ ఇచ్చే సీఓపీపీ (మందు ఇక్కడి అనుమతులతోనే తయారైందని చెప్పే సర్టిఫికెట్), డోసియర్ (మందు పూర్తి సాంకేతిక వివరాల ఫైలు), శాంపిళ్లు. ప్లాంట్ ఇన్‌స్పెక్షన్‌కు కూడా సిద్ధంగా ఉండాలి. నంబర్ వచ్చాక ఐదేళ్లు చెల్లుతుంది.

ఇక్కడ నేను మొండిగా ఉంటాను. బ్రాండ్ పేరును అక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసులో రిజిస్టర్ చేసినట్టు నాఫ్‌డాక్ అడుగుతుంది. ఏజెంట్ "మేమే చూసుకుంటాం సర్" అంటాడు. చూసుకోనివ్వండి, కానీ ఓనర్ కాలమ్‌లో మీ కంపెనీ పేరే ఉండాలి, ఆ కాగితం కాపీ మీ ఫైల్లోకి రావాలి. ఏజెంట్ పేరు మీద పడిందంటే రేపు రేటు దగ్గర తేడా వచ్చి ఇంకొకరిని పెట్టుకుందామన్నా, మీ బ్రాండే మీకు అడ్డం తిరుగుతుంది. పవర్ ఆఫ్ అటార్నీలో కూడా "మా ఉత్పత్తులన్నీ" అని రాయకండి. ఏ మందులకు, ఎన్నేళ్లకు అన్నది విడివిడిగా రాయండి. అగ్రిమెంట్ రద్దయితే రిజిస్ట్రేషన్ బదిలీకి సహకరిస్తానని ఏజెంట్ చేత ముందే సంతకం పెట్టించుకోండి. మొదట్లో అందరూ మంచివాళ్లే, సంతకం అప్పుడే సులువు.

డబ్బు

దిగుమతిదారు తన బ్యాంకులో ముందు ఫామ్ ఎం, అంటే దిగుమతి వివరాల ఫారం, తెరవాలి. సరుకు ఎక్కించాక తెరిస్తే చిక్కే. అందులో విదేశీ మారకానికి చెల్లుతుందా, చెల్లదా అని ఉంటుంది. చెల్లదని ఉంటే బ్యాంకు అధికారికంగా డాలర్లు అమ్మదు, మీ పార్టీ వాటిని వేరే దారిలో సంపాదించుకోవాలి. ఫామ్ ఎం కాపీ తెప్పించుకుని ఆ లైను మీ కళ్లతో చదవండి, వాట్సాప్‌లో "ఓకే సర్" అంటే సరిపోదు.

2023 జూన్‌లో అక్కడి సెంట్రల్ బ్యాంకు మారకపు రేటు మీద పట్టు సడలించేదాకా డాలర్ అధికారికంగా 470 నైరాల (అక్కడి కరెన్సీ) దగ్గర ఉండేది. కొద్ది రోజుల్లోనే 700 దాటింది, 2024 మొదట్లో 1,500 దాకా పోయింది. అంటే 10,000 డాలర్ల సరుకుకు 47 లక్షల నైరాలు సిద్ధం చేసుకున్నవాడు కోటిన్నర కట్టాల్సి వచ్చింది. సరుకు అమ్ముడుపోయి, నైరాలు చేతిలో ఉండి కూడా చెల్లించలేకపోయిన నిజాయితీపరులు ఉన్నారు. అందుకే కొత్త పార్టీకి నేను చెప్పే పద్ధతి ఇది: కొంత అడ్వాన్స్, మిగతాది బయటి దేశపు మంచి బ్యాంకు కన్ఫర్మ్ చేసిన ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతామన్న బ్యాంకు హామీ). కన్ఫర్మేషన్ ఖర్చు ఎక్కువే, దాన్ని రేటులో కలపండి. అప్పు మీద పంపక తప్పదంటే ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే మన ప్రభుత్వ సంస్థ) కవర్ తీసుకున్నాకే ప్రొడక్షన్ మొదలుపెట్టండి.

కాగితాలు, పోర్టు

మనవైపు ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్ నంబర్), మందుల ఎగుమతి మండలి ఫార్మెక్సిల్ ఇచ్చే సభ్యత్వ సర్టిఫికెట్ ఆర్‌సీఎంసీ మామూలే. ఫార్మెక్సిల్ హెడ్డాఫీసు హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి అనుమానం ఉంటే వెళ్లి అడగొచ్చు. మన దేశం నుంచి వెళ్లే మందులకు షిప్‌మెంట్‌కు ముందే నాఫ్‌డాక్ నియమించిన ఏజెంట్ వచ్చి శాంపిల్ తీసి, పరీక్ష చేయించి, క్లీన్ రిపోర్ట్ ఇవ్వాలి. దాన్ని సీఆర్‌ఐఏ అంటారు. దానికి పట్టే సమయాన్ని డెలివరీ తేదీలో కలపడం చాలామంది మర్చిపోతారు. యాంటీబయాటిక్స్, మలేరియా మందుల ప్యాక్‌కు స్క్రాచ్ కోడ్ కూడా ఉండాలి. కొన్నవాడు గీకి మెసేజ్ పెట్టి అసలుదో నకిలీదో తెలుసుకుంటాడు.

ఇన్‌వాయిస్ స్థానంలో వాళ్లు అడిగేది సీసీవీఓ, అంటే విలువ, ఒరిజిన్ రెండూ ఒకే కాగితంలో. అందులో సరుకు వివరం ఫామ్ ఎంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రావాలి. నాకు తెలిసిన ఒకాయన ఫామ్ ఎంలో అమాక్సిసిలిన్ స్పెల్లింగ్ మధ్యలో ఐ ఉంటే, మన పాత అలవాటు ప్రకారం వై పెట్టి పంపాడు. సరిచేసిన కాగితం అందేదాకా సరుకు పోర్టులోనే ఆగింది, డెమరేజ్ (ఆలస్యానికి పడే అద్దె) మీటర్ తిరుగుతూనే ఉంది. లాగోస్‌లోని అపాపా పోర్టు రద్దీ సంగతి తెలిసిందే. 2023 నుంచి లెక్కీ డీప్ సీ పోర్టు పనిచేస్తోంది, మీ పార్టీకి అది అనుకూలమేమో అడగండి.

బల్క్ డ్రగ్ ఉన్నవాళ్లకు

మీ దగ్గర బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే మందు పౌడర్) యూనిట్ కూడా ఉంటే, టాబ్లెట్ల కంటే ముందు దాన్నే పంపమంటాను. 2024 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు మందుల తయారీకి కావాల్సిన ముడిసరుకు, యంత్రాల మీద సుంకం ఎత్తేసే ఉత్తర్వు ఇచ్చారు. నిషేధ జాబితాలోని పారాసిటమాల్ మాత్రను అక్కడ తయారు చేసేవాడికీ పౌడర్ కావాలిగా! ఇక్కడ ఏజెంట్ చేతిలో బ్రాండ్ చిక్కుకునే గొడవ లేదు, దిగుమతి పర్మిట్ ఆ ఫ్యాక్టరీవాళ్లే తీసుకుంటారు. లాగోస్‌లోని ఇకెజా, పక్క ఒగున్ రాష్ట్రంలోని ఓటా ప్రాంతాల మందుల ఫ్యాక్టరీల జాబితా తీసుకుని, పర్చేజ్ మేనేజర్‌కు నేరుగా రాయండి. మొదటి మెయిల్లోనే సీఓఏ (బ్యాచ్ పరీక్ష రిపోర్టు), జీఎంపీ సర్టిఫికెట్ (తయారీ ప్రమాణాలు పాటిస్తున్నట్టు), డీఎంఎఫ్ (తయారీ వివరాల ఫైలు)లో కొనేవాళ్లకు చూపించే ఓపెన్ పార్ట్ ఉందో లేదో, 25 కేజీల డ్రమ్ము రేటు పెట్టండి. కంపెనీ చరిత్ర రెండు లైన్లు చాలు.