ఎండలు ముదరకముందే ఏసీ, కూలర్ చూసుకోండి: సముద్రం దగ్గర ఇళ్లవాళ్లకు

విశాఖలో శివరాత్రి వెళ్లిందంటే చలి కూడా వెళ్లినట్టే. ఆ వారం పది రోజుల్లోనే ఏసీ, కూలర్, వాటి వైరింగ్ ఒకసారి చూసుకోండి. ఏప్రిల్ వచ్చాక మెకానిక్ దొరకడం కష్టం. దొరికినా హడావుడిగా ఫిల్టర్ దులిపి వెళ్లిపోతాడు.

మన దగ్గర ఏసీని తినేసేది ఎండ కన్నా ఉప్పుగాలి. మాది పెదవాల్తేరులో మూడో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఈ ఇంట్లోకి వచ్చిన మూడో వేసవిలో ఏసీ తిరుగుతున్నా గది చల్లబడటం మానేసింది. వచ్చినతను గ్యాస్ నింపి వెళ్లాడు. ఇరవై రోజులకు మళ్లీ అదే కథ. ఇంకొకతన్ని పిలిస్తే, ఆయన నేరుగా బాల్కనీలోకి వెళ్లి అవుట్‌డోర్ యూనిట్ వెనక వేలు పెట్టి చిన్నగా నొక్కాడు. కాయిల్‌కి, అంటే గ్యాస్ తిరిగే పైపుల చుట్టకి, ఉండే సన్నటి అల్యూమినియం రేకులు విభూతిలా పొడిపొడిగా రాలాయి. "కాయిల్ మొత్తం ఇంతేనమ్మా, ఎన్నిసార్లు గ్యాస్ పోసినా దండగే" అన్నాడు.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ఏటా గ్యాస్ నింపించాలని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, లీకు చూపించమనండి. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చే చోటే లీకు. దాన్ని మూశాక వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కించాలి. ఈ పనిని చాలామంది ఎగ్గొడతారు. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ నూనెను పాడుచేసి, చివరికి కంప్రెసర్‌కే ఎసరు పెడుతుంది.

ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. లోపల గ్యాస్ ఉండగా పైపుకి వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి. పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో దీపం, స్టవ్ వద్దు. ప్రెషర్ టెస్టుకి ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మొహమాటపడకుండా పని ఆపేయండి. ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే పేలుడు జరుగుతుంది.

కాయిల్ కాపాడుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. నెలకోసారి ఎంసీబీ (బోర్డులో ఏసీ లైనుకి కరెంటు ఆపే స్విచ్) దించేసి, మొక్కలకు పోసే పైపుతో అవుట్‌డోర్ రేకుల మీద మెల్లగా నీళ్లు పోస్తే ఉప్పు కరిగిపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే పేటల్లో మున్సిపల్ నీళ్లే వాడండి, లేకపోతే ఉప్పు మీద ఉప్పు పోసినట్టు అవుతుంది. బైకులు కడిగే ప్రెషర్ గన్ వద్దు, రేకులు వంగిపోతాయి. కొందరు మెరుపు రావాలని యాసిడ్ వేసి కడుగుతారు, అది మన దగ్గర అసలు వద్దు. కవర్ విప్పడం మాత్రం మెకానిక్ పని. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో చార్జి ఉండి షాక్ కొడుతుంది. యూనిట్ గోడకు బయట వేలాడుతుంటే, వంగి అందుకోవడానికి ప్రయత్నించకండి, కడగడం కూడా అతనికే వదిలేయండి.

ఆ వచ్చినతని చేత అవుట్‌డోర్ యూనిట్ స్టాండ్ కూడా చూపించండి. ఇది నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం. మామూలు ఇనుప స్టాండ్, ఇనుప బోల్టులు ఉప్పుగాలికి లోపల్నుంచి తుప్పు పడతాయి, పైన రంగు బాగానే కనిపిస్తుంది. అంత బరువు కింద నడిచే పిల్లల మీద పడితే? బోల్టుల చుట్టూ గోడ మీద గోధుమరంగు చారలు దిగుతుంటే వెంటనే మార్పించండి. స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి.

ఇక కూలర్. హైదరాబాద్ బంధువుల ఇంట్లో బాగా చల్లగా ఉందని ఇక్కడ కొనకండి. కూలర్ చల్లబరిచేది నీళ్లు ఆవిరవడం వల్ల. 41 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే, కూలర్ గాలిని దించగల హద్దు సుమారు 23 డిగ్రీలు. మన ఊళ్లో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఎంత మంచి కూలరైనా 29 దాటి కిందికి దించలేదు, పైగా గదిలో తేమ పెంచి ఉక్కపోత ఎక్కువ చేస్తుంది.

ఇప్పటికే కూలర్ ఉన్నవాళ్లు ముందు ఎర్త్ చూసుకోండి. భీమిలిలో మా అత్తయ్యది ఇనుప బాడీ కూలర్. "నీళ్లు పోస్తుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోందే" అని ఫోన్లో మామూలుగా చెప్పింది. అప్పటికి రెండు రోజులట! వెంటనే ప్లగ్ తీయించి ఎలక్ట్రీషియన్‌ని పంపాం. సాకెట్ విప్పితే ఎర్త్ వైరు ఆకుపచ్చగా చిలుము పట్టి, తెగి ఉంది. ఆ చురుకు తడి నేల మీద, తడి చేత్తో ఉన్నప్పుడు ప్రాణం తీస్తుంది. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్ కూడా తీయండి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచేసే స్విచ్) పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఏసీకి వేరే లైను, వేరే ఎంసీబీ ఉండాలి. ప్లగ్ వేడెక్కుతున్నా, పిన్నులు నల్లబడినా ఆ రోజే మార్పించండి. చలికాలంలో వాడే గీజర్‌కి కూడా ఇవే వర్తిస్తాయి. బకెట్లో వేసే హీటర్ రాడ్ మాత్రం మా ఇంట్లోంచి తీసేశాం, మీరూ తీసేయండి.

కొత్త ఏసీ కొనేవాళ్లు రాగి కాయిల్, దాని మీద తుప్పు పట్టని పూత ఉన్నదే తీసుకోండి. చిన్న గదికి పెద్ద టన్ను వద్దు. 120 చదరపు అడుగుల లోపు గదికి సాధారణంగా ఒక టన్ను చాలు. మరీ పెద్దదైతే గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే సమయమే ఉండదు. ఒళ్లు చల్లగా, పరుపు మాత్రం చెమ్మగా ఉంటుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల మీదే మొదలవ్వాలన్న నిబంధన ఉంది. 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. వానాకాలం చల్లగా ఉన్నా జిగటగా ఉండే రాత్రుల్లో డ్రై మోడ్ వాడండి.

తేమ ఊళ్లో ఏసీ లోంచి నీళ్లు ధారగా వస్తాయి. డ్రెయిన్ పైపులో పాచి పేరుకుంటే ఆ నీళ్లు గోడ లోపలికి దిగుతాయి. కాబట్టి సర్వీసింగ్ అయ్యాక ఫిల్టర్ల వెనక ట్రేలో ఒక చెంబుడు నీళ్లు పోయించి, బయట పైపులోంచి వస్తున్నాయో లేదో మీరే నిలబడి చూడండి.

అక్టోబరు, నవంబరు తుపాన్లకు మరోసారి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఏసీ, గీజర్ ఎంసీబీలు దించేయండి. కరెంటు రాగానే ఎత్తకండి, వోల్టేజీ నిలకడగా ఉందని తేలేదాకా ఆగండి. అవుట్‌డోర్ యూనిట్ నీళ్లలో మునిగి ఉంటే ఆరినట్టు కనిపించినా ఆన్ చేయకండి, మెకానిక్ విప్పి చూసేదాకా ఎంసీబీ కిందికే ఉండనివ్వండి.