పెరట్లో హాట్ టబ్ దిగేలోపు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఇల్లు కొనుక్కుని హాట్ టబ్ (కూర్చుని సేదతీరే వేడినీళ్ల తొట్టి) పెట్టించాలనుకునే మనవాళ్ల కోసం:

• ముందు బరువు లెక్క వేయండి. 400 గ్యాలన్ల నీళ్లే దాదాపు 1,500 కిలోలు. టబ్బు, మనుషులు అదనం. ఇంజనీరు చూడకుండా పాత చెక్క డెక్ మీద దయచేసి పెట్టకండి.

• తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, ఉచితమే. గ్యాస్, కరెంటు లైన్లున్న చోట గుర్తులు పెడతారు.

• మట్టిని దిమ్మిస కొట్టి, కంకర పరిచి, కనీసం 4 అంగుళాల కాంక్రీటు పోయించండి. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యలో నిలవాలి. ఒక మూల కుంగినా నీళ్లు అటే ఒరిగి, టబ్బు పగిలే ప్రమాదముంది. క్యూరింగ్ (కాంక్రీటు గట్టిపడటం) పూర్తయ్యాకే బరువు దించండి. తొందరపడొద్దు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

• మోటారు వైపు మనిషి కూర్చుని రిపేరు చేసేంత జాగా వదలండి.

• పైన కరెంటు తీగలు వద్దు. వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే.

• సిటీ పర్మిట్, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి తీసుకోండి.